ఎడమ చేతి నాలుగో గుండీ

నెలాఖరు రోజు ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, గోదావరిఖనిలోని కంపెనీ క్వార్టర్‌లో అద్దం ముందు నిలబడి, సామ్యేల్ తన కోటు ఎడమ చేతికున్న నాలుగు గుండీల్లో చివరిది విప్పాడు. అది దానంతటది ఊడలేదు. ఆయనే విప్పాడు. ఈ సంగతి ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ నమ్మలేదు.

ఆ రోజు ఆయనకు ఆఖరు డ్యూటీ. తొమ్మిదింటికి హాజరు వేయించుకోవాలి. పదకొండింటికి ప్లాంటు రెస్ట్ హాల్లో సన్మానం, శాలువా, దండ, ఫొటో. తర్వాత బ్యాండుతో ఇంటిదాకా ఊరేగింపు. ఒంటిగంటకు బిర్యానీ. వీటి మధ్య ఆయనకు ఇంకో పని ఉంది. విప్పిన గుండీని చూసి ఎవరో ఒకరు అదేమిటని అడగాలి. అప్పుడు మిగతా మూడూ విప్పి చూపించాలి. తనంతట తాను చూపిస్తే గొప్పలకు పోయినట్టుంటుంది. అడిగితే చూపించింది సాక్ష్యమవుతుంది.

సాక్ష్యం ఎందుకంటే, ఈ తగాదాకు ముప్పై ఏళ్లు. బొగ్గును పగలగొట్టి రైలు డబ్బాల్లోకి పంపే ప్లాంటులో సామ్యేల్ బెల్టు ఆపరేటర్. 1994లో ఒక మధ్యాహ్నం మూడో బెల్టు ఆగిపోయింది. తనిఖీకి ధన్‌బాద్ నుంచి వచ్చిన అధికారి అక్కడే ఉన్నాడు. ఆయన కోటు విప్పలేదు. కోటు చేతి గుండీలు ఒకటి, రెండు, మూడు, నాలుగు విప్పాడు. చేతిని మోచేతి దాకా మడిచాడు. రోలర్ కింద చెయ్యి పెట్టి ఒక కట్టెముక్క తీశాడు. మడత దించి, గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పుడు అక్కడ ఉన్నది సామ్యేల్ ఒక్కడే.

ఆ సాయంత్రం చెబితే ఎవరూ నమ్మలేదు. కోటు చేతికి గుండీలు కుడతారు గాని కాజాలు ఉండవు, ఉన్నా దారంతో గీసిన గీతలే, అవి విప్పడానికి కావు అన్నారు. ఎలక్ట్రీషియన్ రాయమల్లు అయితే తీర్పే ఇచ్చాడు. "నువ్వు డ్యూటీల నిద్రపోయినవ్ బావ. కలల కోటుకు అన్ని గుండీలు ఇప్పుకుంటయ్."

ఆ మాట ప్లాంటులో నిలబడిపోయింది. ఎవరైనా నమ్మలేనిది చెబితే అది సామ్యేల్ కోటు అనేవారు. సామ్యేల్ వాదించలేదు, చెప్పిందే చెప్పేవాడు. బెల్టు పక్కన కూర్చుని బొగ్గు పోవడం చూసేవాడు. చూస్తూ ఉంటే కాసేపటికి బెల్టు ఆగినట్టు, తాను కూర్చున్న స్టూలే వెనక్కి పోతున్నట్టు ఉండేది. ఆ పోవడంలో ఆయనకు ఆ చెయ్యి కనిపించేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొన్నేళ్లకు తాను నిజంగానే నిద్రపోయాడేమోనని ఆయనకే అనుమానం వచ్చింది.

అందుకే లక్ష్మీనగర్‌లో దర్జీ ముత్యం దగ్గరికి వెళ్లి, చేతి గుండీలు విప్పుకునే కోటు కుట్టమన్నాడు. ముత్యం తొమ్మిది రోజులు ఒప్పుకోలేదు. "ఒక్కసారి కాజా కోస్తే మల్ల చెయ్యి పొడుగు తగ్గియ్యరాదు కాక. కోసినంక తప్పయితే కోటు పోయినట్టే." పదో రోజు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఇది తాను కుట్టినట్టు ఎవరికీ చెప్పకూడదు. చెబితే రేపు ప్రతి పెళ్లికొడుకూ ఇదే అడుగుతాడు. చేతితో ఎనిమిది కాజాలు కుట్టడానికి ముత్యానికి నాలుగు రోజులు పట్టింది.

కోటు వేసుకుని బయటికి రాగానే భార్య సువార్త గుండీ చూసింది. ఏమిటని అడగలేదు. "సూస్కోవద్దా? పెద్దసార్ల ముంగట గిట్లనే కూసుంటవా?" అని పెట్టేసింది. వీధి మలుపు తిరిగాక సామ్యేల్ మళ్లీ విప్పాడు. పక్క క్వార్టర్ సారవ్వ చూసింది. కుట్టు ఊడిందనుకుని, తన మంగళసూత్రానికి ఉన్న పిన్నీసు తీసి గుచ్చింది. ఆమె లోపలికి వెళ్లే దాకా ఆగి ఆయన పిన్నీసు తీసి జేబులో వేసుకున్నాడు.

ప్లాంటు గేటు దగ్గర మరీ కష్టమైంది. అక్కడి మనుషులకు విప్పిన గుండీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. బెల్టు దగ్గర వదులు బట్టలు వేసుకోరాదని, చేతి గుండీలు పెట్టుకోవాలని గోడ మీద రాసి ఉంటుంది. షిఫ్టు మొదట్లో అందరూ కలిసి చదువుతారు. హాజరు గది చేరేలోపు నలుగురు పలకరించారు, నలుగురూ మాట్లాడుతూనే గుండీ పెట్టేశారు. సామ్యేల్ నాలుగుసార్లు విప్పాడు. అయిదో మనిషి రాయమల్లు. అతను పలకరించనే లేదు. జేబులోంచి కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు తీసి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు చుట్టాడు.

"ఇగ ఊడది. ఆఖరి దినం గిట్ల తయారై వస్తరా బావ?"

"అది ఊడలే. నేనే ఇప్పిన."

"మల్ల కల పడ్డదా?" అని రాయమల్లు కుర్చీలు వేయించడానికి వెళ్లిపోయాడు.

సన్మానానికి ఇంకా టైముంది. సామ్యేల్ మూడో బెల్టును ఆఖరుసారి చూడ్డానికి వెళ్లాడు. బెల్టు చుట్టూ ఉన్న కంచె దాటి, తన స్టూలు మీద కూర్చున్నాడు. బొగ్గు పోతూ ఉంది. కాసేపటికి బెల్టు ఆగింది, స్టూలు కదిలింది. ఆయన టేపు కొస పట్టుకుని లాగాడు. రెండు చుట్లు వచ్చాయి, మూడోది అంటుకుని వేలాడింది. దాని పైనున్న గుండీ విప్పాడు. ఎవరూ అడగకపోయినా ఫర్వాలేదని, ఇక్కడ ఒక్క నిమిషం ఇలా కూర్చుంటే చాలని ఆయనకు అనిపించింది.

పది గంటల ముప్పై ఒక్క నిమిషానికి, ప్రమాదాలు జరగకుండా చూసే రక్షణ అధికారి వేణుమాధవ్ కంచె అవతలి నుంచి ఫొటో తీశాడు. అతనిది ఖమ్మం. వచ్చి ఎనిమిది నెలలైంది. అతనూ సన్మానం కోసం కోటులో ఉన్నాడు. ఫొటోను ప్లాంటు గ్రూపులో పెట్టి, కింద రాశాడు: "మూడో బెల్టు. సామ్యేల్. ఎడమ చెయ్యి. వివరాలు తర్వాత." గుండీ విషయం తర్వాత రాద్దామనుకున్నాడు. ఫొటోలో గుండీ కనిపించలేదు. మణికట్టు, దాన్నుంచి వేలాడుతున్న నల్లటిదేదో కనిపించాయి.

పదీ ముప్పై మూడుకు, చెయ్యి బెల్టులో నలిగిందనుకుని, కంట్రోల్ రూమ్ బెల్టులన్నీ ఆపింది. ఈసారి నిజంగా ఆగాయి. పదీ ముప్పై ఏడుకు అంబులెన్స్ బయలుదేరింది. పదీ నలభైకి యూనియన్ వాళ్లు గేటు దగ్గర కూర్చున్నారు. బ్యాండువాళ్లు టోపీలు తీసి చేతిలో పట్టుకున్నారు. పదీ నలభై ఆరుకు ఉల్లిగడ్డలు కోస్తున్న సువార్త, ఆమెతో చర్చి ఆడవాళ్లు ముగ్గురూ ఆటోలో దిగారు. నలుగురి కళ్లలోనూ నీళ్లున్నాయి. అది ఉల్లిగడ్డల వల్లనని వాచ్‌మన్‌కు తెలియదు. అందుకని అతనూ ఏడ్చాడు.

సామ్యేల్‌కు సైరన్ వినిపించింది. ఎవరికో ఏదో అయిందనుకుని లేచి పరుగెత్తాడు. ఎదురుగా స్ట్రెచర్ వచ్చింది. ముందు నడుస్తున్న కాంపౌండర్ కత్తెర తీసి, ముందు చెయ్యి కొయ్యాలని వెనకవాళ్లతో అన్నాడు. కోటు చెయ్యి గురించే అన్నాడు. సామ్యేల్ ఎడమ చేతిని కుడి చేత్తో రొమ్ముకు అదుముకున్నాడు, ముత్యం కాజాలు కత్తెర పాలు కాకుండా. చూసినవాళ్లందరికీ ఎముక విరిగిందని రూఢి అయింది. నలుగురు పట్టుకుని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

పడుకుంటే పైన ఆకాశం, ఆగిన బెల్టు కనిపించాయి. కత్తెర మణికట్టు దగ్గరికి వచ్చింది.

"కొయ్యకుండ్రి," అన్నాడు సామ్యేల్. "గుండీలు ఇప్పితే అయిపాయె."

కాంపౌండర్ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు. టేపు తీసి చూశాడు. గాయం లేదు. సంగతి పక్కవాళ్లకు, వాళ్ల నుంచి గేటుకు చేరింది. సువార్త స్తోత్రం అంది. బ్యాండువాళ్లు టోపీలు పెట్టుకున్నారు. అంతటితో అయిపోయేదే. కానీ వేణుమాధవ్ అక్కడే నిలబడి ఉన్నాడు, ఆ మాట విన్నాడు.

"సామ్యేల్ గారూ, గుండీ మీరే విప్పారా?"

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక మనిషి ఆ ప్రశ్న అడిగాడు. సామ్యేల్ సంతోషంగా అవునన్నాడు.

పదకొండున్నరకు సన్మానం బదులు అదే హాల్లో విచారణ మొదలైంది. వేదిక మీద దండ, శాలువా, వాటి పక్కన ఫ్రేము కట్టిన పత్రం ఉన్నాయి. సర్వీసు మొత్తంలో రక్షణ రిజిస్టర్‌లో ఒక్కసారీ పేరు పడనివాళ్లకు ఆ ప్లాంటులో ఇచ్చే పత్రం అది. పదకొండేళ్లలో ఇద్దరికి వచ్చింది. మూడోది సామ్యేల్‌ది. దాని కోసం సువార్త గోడకు మేకు కొట్టించి నెలయింది.

వేణుమాధవ్ ఇబ్బందిగానే వివరించాడు. కంచె లోపల చేతి గుండీ కావాలని విప్పితే రిజిస్టర్‌లో రాయాలి. ఊడిపోతే రాయక్కర్లేదు. బెల్టులు గంట నుంచి ఆగి ఉన్నాయి గనక ఏదో ఒకటి పైకి చెప్పాలి. మేనేజర్ చాలా రిటైర్మెంట్లు చూసినవాడు. ఆయన దారి వెతికాడు. కోటు చేతి గుండీలు అలంకారానికే గదా, విప్పడం వీలయ్యే పనేనా అని హాలును అడిగాడు.

కాదని హాలంతా అంది. రాయమల్లు లేచి, సామ్యేల్ మంచివాడని, అప్పుడప్పుడు కలలు కంటాడని, గుండీ ఊడి ఉండటం తాను కళ్లారా చూసి టేపు చుట్టానని చెప్పాడు. ఆఖరికి ముత్యానికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. చేతి గుండీలు విప్పుకునే కోటు కుట్టావా అని మేనేజర్ అడిగేసరికి, ముత్యానికి హాలు నిండా పెళ్లికొడుకులు కనిపించారు.

"లేదు సార్. ముప్పై ఏండ్ల సంది కోట్లు కుడుతున్న. చేతికి కాజా కోసిన పాపాన పోలే. అవి షోకుకు పెడతం. ఇప్పుకుంటయని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి."

మేనేజర్ ఫోన్ పెట్టేసి నవ్వాడు. వేణుమాధవ్ కూడా నవ్వి రిజిస్టర్ మూశాడు. గుండీ ఊడిపోయింది, తప్పు లేదు, పత్రం ఇవ్వవచ్చు. సామ్యేల్ ఒక్క మాట అంటే చాలు.

"ఊడిందని చెప్పరాదయ్యా," అంది సువార్త ముందు వరుసలోంచి. "బిర్యానీ మాడిపోతది."

సామ్యేల్ లేచి నిలబడ్డాడు. ఊడిందంటే పత్రం వస్తుంది. ఊడిందంటే 1994లో తాను బెల్టు పక్కన నిద్రపోయినట్టు కూడా ఒప్పుకోవాలి. ఆయన ఫ్రేము వైపు చూశాడు. అద్దంలో హాలు కనిపించింది. కిటికీ, కిటికీలోంచి ఆగిన మూడో బెల్టు, దాని మీద కదలని బొగ్గు. చూస్తూ ఉంటే బెల్టు మెల్లగా బయలుదేరినట్టు, తానూ హాలూ ఆ పక్కకే పోతున్నట్టు అనిపించింది. అక్కడ ఒక చెయ్యి ఆయన కోసమే ఆగి ఉంది.

ఆయన ఎడమ చెయ్యి ఎత్తి మొదటి గుండీ విప్పాడు. రెండోది విప్పాడు. మూడోది బిగుసుకుంది. గోటితో నెట్టాడు, వచ్చింది. నాలుగోది విప్పి ఉంది. చేతిని ఒక మడత, రెండు మడతలు, మోచేతి దాకా మడిచాడు. తర్వాత కుడి చెయ్యి. కాంపౌండర్ కత్తెర జేబులో పెట్టుకున్నాడు.

రాయమల్లు వేదిక దగ్గరికి వచ్చి, ఎడమ చేతి కాజాలో చిటికెన వేలు పెట్టి చూశాడు. వేలు అవతలికి వచ్చింది. దాన్ని కాసేపు అలాగే చూసుకున్నాడు.

"నిద్రపోలేదా బావ?"

"లేదు."

"మరి ముప్పై ఏండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"చెప్తనే ఉన్న."

వేణుమాధవ్ తల వంచుకుని బల్ల కింద తన కోటు చేతి గుండీ ఒకటి తిప్పుతున్నాడు. ఆ కోటు హైదరాబాద్‌లో కొన్నాడు. గుండీ తిరిగింది, వంగింది, చివరికి తెగి చేతిలోకి వచ్చింది. దాని కింద కాజా లేదు, దారంతో గీసిన గీత ఉంది. అతను గుండీని జేబులో వేసుకుని రిజిస్టర్ తెరిచాడు.

మేనేజర్ ఫ్రేమును తిప్పి బల్ల మీద బోర్లా పెట్టాడు. సువార్త బిర్యానీ చూసుకోవడానికి బయలుదేరింది. పోతూ పోతూ, ఆ మేకుకు కోటు తగిలించుకోమని భర్తకు చెప్పింది. శాలువా, దండ వేశారు. మడతలు దించకుండానే వేయించుకున్నాడు.

పన్నెండు గంటల యాభై రెండు నిమిషాలకు రిజిస్టర్‌లో నమోదు పూర్తయింది. పేరు: సామ్యేల్, బెల్టు ఆపరేటర్. స్థలం: మూడో బెల్టు, కంచె లోపల. ఉల్లంఘన: ఎడమ చేతి గుండీ ఒకటి కావాలని విప్పుట. పరిశీలన: మొత్తం ఎనిమిది గుండీలను సాక్షుల ఎదుట విప్పి, పెట్టి చూడడమైనది. ఎనిమిదీ పనిచేస్తున్నవి.

కింద మేనేజర్, రక్షణ అధికారి, కార్మికుల తరఫు సాక్షిగా రాయమల్లు సంతకాలు చేశారు.