హరీదీని రెండోసారి చంపిన వైనం

మా కోమ్ సబీల్ గ్రామ చరిత్ర ఇన్నాళ్లూ తప్పుల తడకగా ఉండేదనీ, కైరో నుంచి వచ్చిన సినిమావారు దయతలచి దానిని సరిదిద్దారనీ సంతోషంతో తెలియజేస్తున్నాను.

ఆ తప్పు ఇది. గజదొంగ హరీదీ మా జమీందారు పాషాగారి గాదెలు దోచి బీదల ఇళ్లలో గోధుమలు పోసేవాడనీ, పోలీసు తూటా తగిలిననాడు మంగలి జాదుల్లా తన మంచమిచ్చి, కట్టు కట్టి, ఆఖరి గుక్క నీళ్లు పోసి, పోలీసుల కంటపడకుండా చెరకుతోటలో పాతిపెట్టాడనీ మేము నమ్మేవాళ్లం. కళ్లతో చూసిన ముసలివాళ్లు చెప్పారు మరి. చదువులేనివాళ్లు, పాపం.

సినిమాను మా ఊరిపెద్ద ఉమ్దాగారి సావిడి గోడకు దుప్పటి కట్టి వేశారు. హరీదీ బతికినన్నాళ్లూ గాడిదమీద తిరిగినవాడు. సినిమాలో తెల్లగుర్రం. హీరోగారికి గుర్రమంటే భయం గనుక గుర్రం ఒకసారి, ఆయన ఒకసారి కనిపిస్తారు. చివరిదాకా ఇద్దరూ కలుసుకోలేదు. ఇద్దరిలో గుర్రమే బాగా నటించింది. మా ఊరినుంచి సముద్రం చూడాలంటే నాలుగు జిల్లాలు దాటాలి. సినిమాలో హరీదీ పెరటి తలుపు తీస్తే చాలు, అలలు. ప్రతి దోపిడీకి ముందు ఆయన దేశభక్తిమీద ఉపన్యసించాడు. మొదటి ఉపన్యాసం ఎత్తుకున్నప్పుడు నొప్పులు మొదలైన మా గేదె, అది ముగిసేసరికి ఈని, దూడను నాకి, నెమరు వేస్తోంది.

కథన్నాక ద్రోహి ఉండాలి. పాషాను పెడదామంటే ఆయన మనవడే నిర్మాత. అందువల్ల ఆ గౌరవం మంగలి జాదుల్లాకు దక్కింది. సినిమాలో ఆయన హరీదీకి గడ్డం గీస్తూ గీస్తూ కిటికీలోంచి పోలీసులకు సైగ చేశాడు.

ఆట ముగిశాక చప్పట్లు లేవు. అందరూ వెనక్కి తిరిగి జాదుల్లా మనవడు షహ్హాత్‌ను చూశారు. అతనూ మంగలే. ఎగువ ఈజిప్టులోని మా సయీద్ సీమలో నెత్తురుకు నెత్తురు, తాతలనాటిదైనా సరే. ఆ లెక్కన చావవలసినవాడు ఆ వంశపు ఆఖరి మొలక, షహ్హాత్ ఒక్కగానొక్క కొడుకు బషీర్. చంపవలసినవాడు హరీదీ మనవడు ఖలఫ్.

ఖలఫ్ మర్నాడు గడ్డానికి షహ్హాత్ దగ్గరికే వచ్చాడు. ఊళ్లో వేరే మంగలి లేడు.

"మామా, మీ తాత మంచంమీదే మా తాత పోయాడని నాకు తెలుసు. కానీ సంతకెళ్తే చాలు, 'సినిమా చూళ్లేదా, ఇంకా మీసం పెట్టుకు తిరుగుతున్నావే' అంటున్నారు. నన్నేం చెయ్యమంటావు?"

"మీసం తీసెయ్యమంటావా? కత్తి చేతిలోనే ఉంది," అన్నాడు షహ్హాత్. "నీ మీసం నిలబడ్డానికి నా కొడుకు పోవాలట్రా?"

ఖలఫ్ కళ్లు మూసుకుని గడ్డం చాపాడు.

పెద్దలు పంచాయితీ పెట్టారు. షహ్హాత్ తోటలోని సమాధిని చూపిస్తానన్నాడు. ఉమ్దాగారు చెయ్యెత్తి ఆపారు.

"చూడు షహ్హాత్, మీ తాత పట్టించడం దేశమంతా కళ్లారా చూసింది. పట్టించకపోవడం ఎవరు చూశారు?"

షహ్హాత్ తన శవానికి చుట్టవలసిన కఫను గుడ్డను తానే రెండు చేతులమీద మోసుకుని, వట్టికాళ్లతో ఊరంతా నడిచి, హరీదీ వంశాన్ని క్షమాపణ అడగాలని తీర్పు. వాళ్లు ఆ గుడ్డ అందుకుంటే పగ తీరినట్టు. షహ్హాత్ తన కొడుకు ముఖం చూశాడు. ఒప్పుకున్నాడు.

ఆ రోజు జిల్లా అంతా దిగింది. గుడ్డ అందుకోవడానికి ఖలఫ్ కొత్త తలపాగా చుట్టుకుని నిలబడ్డాడు. పెద్దలు అతన్ని ఎగాదిగా చూసి, పొట్టిగా, మెల్లకన్నుతో ఉన్నాడు, బొత్తిగా హరీదీ పోలికే లేదని తేల్చారు. పోలిక ఉన్న హీరోగారిని కైరో నుంచి పిలిపించారు. ఖలఫ్‌కు జనాన్ని వెనక్కి నెట్టే పని ఒప్పగించారు. హీరోగారు కఫను అందుకుని జాదుల్లాను క్షమించారు. కెమెరాకు సరిగ్గా అందలేదని మళ్లీ క్షమించారు. మేమంతా రెండుసార్లూ ఏడ్చాం.

బషీర్ ప్రాణం దక్కింది. జాదుల్లా పేరు పోయింది. ఎలాగూ పోయినవాడే కదా, పేరుతో ఆయనకేం పని?

చదివేవారు హాయిగా నవ్వుకోవచ్చు. మీ తాతమీద ఇంకా ఎవరూ సినిమా తియ్యలేదు గనుక ప్రస్తుతానికి మీది పరువుగల వంశమే.