నీలమ్మపేటకు తొంభై ఒక్క శాతం

నీలమ్మపేట ఓటర్లకు తమ మనసులో ఏముందో తమకే తెలియదన్న సంగతి గ్రహించి, ఆ విషయం వారికి తెలియజేయడానికి శ్రీకాకుళం నుంచి ఒక యూట్యూబ్ ఛానల్ వారు పోయిన పంచాయతీ ఎన్నికల్లో దయచేసి విచ్చేశారు. సర్వేలనేవి అంతవరకు రాష్ట్రానికో దేశానికో జరిగేవి. పదమూడు వందల పన్నెండు ఓట్ల ఊరికి, అందులోనూ సముద్రం ఒడ్డున వలలు ఆరేసుకునే ఊరికి అంత గౌరవం దక్కడం మాటలు కాదు. దాన్ని నలుగురికీ చెప్పే బాధ్యత నా మీద పడింది. ఊరి గ్రంథాలయం తాళంచెవి నా దగ్గరుంటుంది కనుక నన్నిక్కడ మేధావి కింద జమకడతారు. నేనూ కాదనను.

సర్పంచి పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు తవిటమ్మ. ఎండుచేపల గంప ఎత్తుకుని కోటబొమ్మాళి సంత దాకా వెళ్లి అమ్ముకొచ్చే మనిషి. రెండోవాడు ఐస్ ఫ్యాక్టరీ నరసింగరావు. గొడవంతా ఊరికి దక్షిణాన ఉన్న రెండెకరాల ఇసుక మెరక గురించి. ఆడవాళ్లు నెత్తళ్లూ కవళ్లూ లాంటి చేపలు ఎండబెట్టేది అక్కడే. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఊళ్లో పొయ్యి వెలిగేది ఆ ఎండుచేపల వల్లే. నరసింగరావుకు అక్కడొక రిసార్టు కనిపించింది. కనిపించిన వెంటనే సరిహద్దు రాళ్లు పాతించాడు. తవిటమ్మ పదకొండు సోమవారాలు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి ఆ రాళ్లు పీకించింది. అంచేత ఊరంతా ఆవిడ వైపే. నరసింగరావు సొంత బావమరిది కూడా ఆవిడకే వేస్తానని నాతో గుట్టుగా అన్నాడు.

సర్వే చేయడానికి రమేష్‌బాబు అనే ఉద్యోగి వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. ప్రతి ఐదో ఇంటి తలుపూ తట్టి, పరమ శాస్త్రీయంగా అడిగాడు. ఆయన చదువులో ఒక్క పాఠం మాత్రం తక్కువైంది. నీలమ్మపేటలో మనసులో మాట అడిగితే ఎవరూ చెప్పరు. వేటకెళ్లేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. తిరిగొచ్చినవాణ్ణి ఏం పడిందని అడిగితే, పడవ నిండా వంజరాలున్నా సరే, ‘ఏటీ నేదు బావా, వల తడిసినాది అంతే’ అంటాడు. నిజం చెబితే దిష్టి తగిలి, మర్నాడు వల ఖాళీగా వస్తుందని నమ్మకం. తాతల నాటి ఆచారం కనుక దీన్ని ఇక్కడ అబద్ధమని ఎవరూ అనరు.

రమేష్‌బాబు ముందుగా కూర్మయ్యను అడిగాడు. కూర్మయ్య తవిటమ్మకు వరసకు మేనమామ. మేనకోడలు గెలవాలని అమ్మవారికి కోడిని కూడా మొక్కుకున్నాడు. అంత మొక్కుకున్నవాడు గెలుపు సంగతి ఊరుగాని ఊరివాడి ముందు నోరు జారతాడా? ‘నరసింగరావుకే బాబూ, ఇంకెవలికి ఏస్తాం’ అన్నాడు. తవిటమ్మ తోటికోడలు దానమ్మ మరింత జాగ్రత్తపరురాలు. నరసింగరావు దేవుడని కూడా చెప్పింది. ఊరు ఊరంతా తవిటమ్మ మీద ప్రేమ కొద్దీ ఆవిణ్ణి ఓడించి పంపింది. నా వంతు వచ్చినప్పుడు ప్రజాస్వామ్యంలో ఓటు రహస్యమెంత పవిత్రమో అరగంట సేపు వివరించాను. ఆయన ఓపిగ్గా విని, ‘నరసింగరావు వైపు మొగ్గు’ అని రాసుకున్నాడు.

ఫలితాలు వచ్చేశాయి. నరసింగరావుకు తొంభై ఒకటి, తవిటమ్మకు నాలుగు, ఎటూ తేల్చుకోనివారు ఐదు శాతం. యాంకర్ సుహాసిని గారు, ‘తీరప్రాంత ప్రజల నాడి మా చేతికి చిక్కింది’ అని ప్రకటించారు. విజయనగరం నుంచి పిలిపించిన విశ్లేషకుడొకాయన, మత్స్యకార మహిళల్లో రిసార్టు పట్ల అణచుకోలేని ఆకాంక్ష ఉందని గణాంకాలతో సహా నిరూపించారు. గంప దించి ఫోన్ చూస్తున్న మత్స్యకార మహిళలు, ఆ ఆకాంక్ష పక్కింటావిడకు ఉండబోలునని అనుకున్నారు.

అందరికంటే ఆశ్చర్యపోయినవాడు నరసింగరావు. పాపం ఆయన అప్పటికి పోటీ నుంచి తప్పుకునే ఆలోచనలో ఉండి, కరపత్రాలు కూడా యాభైకి మించి వేయించలేదు. సర్వే చూశాక దండ తెప్పించుకుని తనే వేసుకున్నాడు. ఫ్యాక్టరీ ముందు కుర్చీ మీద నిలబడి, ‘మీ గుండెల్లో నాకింత చోటున్నాదని నాకే తెల్దు. తెలిస్తే ఆ రాళ్లు పీకనిచ్చేవోణ్ణా’ అని గద్గద స్వరంతో ప్రసంగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కవాడు కొడుతున్నాడు కదా మరి.

ఇక్కడ నీలమ్మపేట ప్రజల నిజాయితీని మెచ్చుకోవాలి. తాను దిష్టికి జడిసి అలా చెప్పానని ప్రతివాడికీ తెలుసు. మిగతావాళ్లు కూడా అలాగే చెప్పి ఉంటారని అనుమానించేంత కుళ్లు మాత్రం ఎవరికీ లేదు. టీ బడ్డీ దగ్గర కూర్మయ్య, ‘ఏటి దానమ్మా, గాలి అటే ఉన్నట్టున్నాది’ అన్నాడు. ‘అవును మావా, ఫోన్లోనే సెప్పేసినారు కదేటి’ అని దానమ్మ నిట్టూర్చింది. అంతకు మించి ఒకరినొకరు ఏమీ అడగలేదు. అడక్కూడదు కదా.

పోలింగుకు ముందు రోజు తవిటమ్మ మేనమామ గుమ్మంలోకొచ్చి కూచుంది.

‘మావా, ఆ ట్యాబు బాబుతో నువ్వేటి సెప్పినావో నాకక్కర్లేదు. ఏసినప్పుడు నాకెయ్యి. మెరక పోతే మల్ల రాదు. వేట లేని రోజుల్లో ఏటి తింటాం?’

‘నాకు తెల్దేటే. నీకే ఎయ్యాలని ఉన్నాది. కాని ఓడిపోయేవోలికి ఏస్తే ఓటు మురిగిపోద్ది కదే.’

‘అందరూ ఏస్తే ఎందుకు మురిగిపోద్ది?’

‘అందరూ ఎయ్యరంట కదా. తొంభై ఒకటంట.’

తవిటమ్మ ఆ మాటకు కళ్లనీళ్లు పెట్టుకుంది. కూర్మయ్య కూడా పెట్టుకున్నాడు. ఆయన ఏడుపు బూటకమంటే నేనొప్పుకోను.

మర్నాడు ఒంటిగంటకు పోలింగు ముగిసి, నాలుగింటికల్లా లెక్కింపు కూడా పూర్తయింది. పోలైన ఓట్లు పదకొండు వందల తొంభై. నరసింగరావుకు పదకొండు వందల ఎనభై రెండు. ఇద్దరి గుర్తుల మీదా ముద్ర వేసినందుకు చెల్లనివి ఏడు. మనసు చంపుకోలేనివాళ్లు ఊళ్లో ఏడుగురున్నారన్నమాట. తవిటమ్మకు ఒకటి. తొంభై ఒకటని చెబితే దాదాపు నూరు శాతం వచ్చిందనీ, తమది మరీ మొహమాటపు సర్వే అనీ ఛానల్ వారు వినయంగా చెప్పుకున్నారు.

సాయంత్రానికి తవిటమ్మ ఇంటి ముందు ఊరంతా పోగయింది. కూర్మయ్య ఆవిడ చేతులు పట్టుకుని, ‘ఆ ఒక్క ఓటూ నాదేనే’ అన్నాడు. దానమ్మ పక్కకు పిలిచి అదే మాట చెవిలో చెప్పింది. నరసింగరావు బావమరిది ఒట్టేసి మరీ చెప్పాడు. పొద్దుగూకే లోపు ఆ ఒక్క ఓటుకు దగ్గర దగ్గర ఆరు వందల మంది యజమానులు తేలారు. దాన్ని స్వయంగా తన చేత్తో వేసుకున్న తవిటమ్మ మాత్రం, ‘నీదే, నాకు తెల్దేటి’ అంటూ వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లిచ్చింది.

వారం తిరక్కుండా మెరక చుట్టూ రాళ్లు మళ్లీ లేచాయి. ఈసారి ముళ్లకంచె కూడా. తవిటమ్మ కలెక్టరుకు అర్జీ రాయించి, ఇల్లిల్లూ తిరిగింది. కూర్మయ్య కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘ఎంతమంది ఎట్టినారే సంతకం?’

‘ఇప్పటికి నానొక్కదాన్నే మావా.’

‘ఒక్కటేనా? పదిమందీ ఎట్టనీ, సూద్దాం’ అని కాగితం జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చేశాడు.

దానమ్మా అదే అడిగింది, అలాగే ఇచ్చేసింది. అర్జీ నా దగ్గరకూ వచ్చింది. నేను అందులో రెండు అక్షరదోషాలు దిద్ది, భాష బాగుందని మెచ్చుకున్నాను. ఇంత చదివాక మీకు మా ఊరివాళ్ల మీద చిరాకూ, తవిటమ్మ మీద జాలీ కలిగే ఉంటాయి. కాగితం ఇంకా ఆవిడ దగ్గరే ఉంది, కింద చోటు కూడా బోలెడుంది. రెండో సంతకం మీరు పెట్టండి. మీరు పెట్టారని తెలిసిన మరుక్షణం మూడోది నాది.