బుడ్డోడి నిగ్రహం

సాయంత్రంలోగా బుడ్డోడికి బుద్ధి నేర్పాలని ఆదివారం పొద్దున్నే వాచీల మెకానిక్ నిర్ణయించుకున్నాడు. బుడ్డోడంటే పిల్లాడు కాదు, కుక్క. తిండి కనబడితే వాడికి ఒళ్ళు తెలియదు. కింది వాటాలో ఉండే ఓనరమ్మ నిన్ననే మెట్ల మీద నిలబడి, తన వంటింట్లో ఇంకొక్కటి పోయినా కుక్కని వదిలించుకోవాల్సిందేనని తేల్చి చెప్పింది. ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం మెకానిక్‌కి లేదు. అలాగని, పని చేసుకుంటున్నంతసేపూ తన పాదాల మీద గడ్డం ఆనించి పడుకునే బుడ్డోడు లేకుండా అతను ఉండలేడు.

భార్య చెల్లెలింటికి వెళ్ళగానే, పశువుల డాక్టరు చెప్పిన పద్ధతి మొదలుపెట్టాడు. నేల మీద బిస్కెట్ పెట్టి "వద్దు" అనాలి. కుక్క ముఖం తిప్పుకుంటే జేబులోంచి మాంసం ముక్క తీసి పెట్టాలి. మధ్యాహ్నానికల్లా బుడ్డోడు బిస్కెట్ వంక చూడకుండా గోడకేసి తిరిగి కూర్చోవడం నేర్చేశాడు. మెకానిక్ పొంగిపోయి, వెనక తలుపు తీసి గాలికి కూర్చుని వాచీ విప్పాడు.

తలెత్తేసరికి కాళ్ళ దగ్గర బన్ను. పక్కన బుడ్డోడు, గోడకేసి తిరిగి. భార్య వదిలేసిన బన్ను కాబోలనుకుని, వాణ్ణి మెచ్చుకుని ముక్క పెట్టాడు. కాసేపటికి వేయించిన చేప వచ్చింది. అప్పుడు అర్థమైంది. వద్దనుకుంటే మాంసం దొరుకుతుందని తెలిశాక, వద్దనుకోవడానికి సరుకు కావాలి కదా. వాడు వెనక మెట్లు దిగి ఓనరమ్మ వంటింట్లోంచి తెస్తున్నాడు.

మెకానిక్ గబగబా చేపని పేపర్లో చుట్టి, బీరువాలో భార్య చీరల కిందికి తోశాడు. కూలి ముట్టకపోయేసరికి బుడ్డోడు తెచ్చింది చాల్లేదనుకున్నాడు. ఈసారి వాడు అట్టతో సహా ఈడ్చుకొచ్చింది కేకు. మనవరాలి పుట్టినరోజుకని ఓనరమ్మ పొద్దుటి నుంచి కష్టపడి చేసిన కేకు. దారిలో సగం రాలిపోయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మెకానిక్‌కి దాచే చోటు లేదు, వ్యవధీ లేదు. మిగిలిన సగాన్ని రెండు చేతులతో నోట్లో కుక్కుకుని మింగేశాడు.

ఓనరమ్మ లోపలికొచ్చి, గోడకేసి కూర్చున్న కుక్కనీ, చేతులు వెనక దాచుకున్న మెకానిక్‌నీ మార్చి మార్చి చూసింది. బల్ల మీది బిస్కెట్ తీసి బుడ్డోడి ముందు పెట్టింది. వాడు కన్నెత్తి చూడలేదు. ఆవిడ ముఖం మెత్తబడింది. పాపం, నోరులేని జీవాన్ని అనవసరంగా అనుమానించానని నొచ్చుకుంది. తర్వాత మెకానిక్ మీసాలకున్న క్రీము చూసింది.

"కేకు మీరు తిన్నారా?"

నిజం చెబితే కుక్క పోతుంది. "నేనేనండీ. ఆకలేసింది," అన్నాడు.

"చేప కూడానా?"

"అదీ నేనే."

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "మీ ఆవిడ మొహం చూసి ఊరుకుంటున్నాను," అని, బుడ్డోడి మెడపట్టీ పట్టుకుని తనతో తీసుకెళ్ళింది.

ఆ సాయంత్రం నుంచి ఓనరమ్మ వంటింటికి కాపలా బుడ్డోడే.