భూగర్భ పారిశుద్ధ్యం

1982 ఎండాకాలంలో రేణిగుంట పొలిమేరలోని ఒక వీధి బావులన్నీ ఏకగ్రీవంగా రంగు మార్చుకున్నాయని తెలియజేయడమైనది. కారణం వీధిలో అందరికీ తెలుసు కనుక, దాన్ని కనుక్కోవడానికి సర్కారువారు ఒక కమిటీ వేశారు.

వీధి వెనకాలే వైన్ ఫ్యాక్టరీ. ద్రాక్షరసాన్ని సీసాల్లో నింపి పట్నాలకు డబ్బుకు అమ్మేవారు. పిప్పి, తొక్కలు, పీపాలు కడిగిన నీళ్లు మాత్రం ఊరికే వదిలేవారు. గోడ వెనక మట్టిగుంటలో అవి పులిసి, బుడగలు కక్కి, నేలలోకి ఇంకేవి.

మొదటి ఇల్లు హైస్కూలు సైన్సు అయ్యవారు సుదర్శనంగారిది. ఉల్లిపాయ కూడా గడప దాటని వైష్ణవ కుటుంబం. ఒక శనివారం ఆరాధన ముగించి తీర్థం పుచ్చుకున్న సుదర్శనంగారు భార్య వంక అనుమానంగా చూశారు.

"తీర్థం పులిసినట్టుండాదే?"

"బావే పులిసిందండీ. నేనేం చేసేది?" అంది కల్యాణవల్లి.

ఏళ్ల తరబడి మొహం చూపని బంధువులు ఇద్దరు ఆ మరుసటి వారం నుంచి తీర్థానికి క్రమం తప్పకుండా వచ్చి, రెండోసారి కూడా చెయ్యి చాచసాగారు. జనంలో భక్తి సన్నగిల్లుతోందని వాపోయేవారు ఇది గమనించాలి.

భక్తి కుదరనిది పక్కింటి గౌసియా బీకే. ఆమె కోడలు బాలింత.

"పసిబిడ్డ ఒళ్లంతా దద్దుర్లు అయివారూ! ఈ నీళ్లు పోస్తే ఏడుపు, పోయకుంటే ఉడుకు. సదువుకున్నోళ్లు, ఏదన్నా సెయ్యండి."

సుదర్శనంగారు కండువా వేసుకుని బయల్దేరారు. నేరుగా ఫ్యాక్టరీ మేనేజరు రంగరాజు దగ్గరికి వెళ్లారు. గుంటకు సిమెంటు చేయించమన్నారు. సున్నం కలిపి పులుపు విరిచి, మడ్డి అడుక్కి దిగాకే నీళ్లు వదలమన్నారు. పిప్పిని పేడతో కలిపి మాగబెడితే రైతులకు ఎరువవుతుందని కూడా చెప్పారు.

రంగరాజు ముచ్చటపడ్డాడు. "ఎంత సులువైన ఉపాయమప్పా! ఇంత సులువైన పని చేస్తే పైవాళ్లు నన్ను మేనేజరంటారా?"

అప్పుడే కమిటీ దిగింది. నమూనాలకు సీసాలు తేవడం మరిచిపోయారు. ఫ్యాక్టరీవారు పెద్ద మనసుతో తమ ఖాళీ సీసాలే ఇచ్చారు. మూడు నెలలకు నివేదిక వచ్చింది: 'సీసాలలో వైన్ వాసన గలదు. బావులకు సంబంధం లేదు.' రెండోసారి నమూనాకు గౌసియా బీ తన ఇత్తడి చెంబులో బావినీళ్లు తోడి ఇచ్చింది. నమూనా సీసాలోనే ఉండవలెనన్న నిబంధన ప్రకారం, చెంబులోనిది నీరుగా పరిగణించబడలేదు.

అయినా కమిటీ ప్రజల పక్షమే వహించి, మురుగు ప్రజల కంటికి కనిపించరాదని సిఫారసు చేసింది. రంగరాజు పదిహేను రోజుల్లో గుంట పూడ్పించి, పైన క్రోటన్ మొక్కలు నాటించాడు. మురుగును రెండువందల అడుగుల పాత బోరులోకి మళ్లించి, కొబ్బరికాయ కొట్టి, మైకు అందుకున్నాడు.

"నేటి నుంచి ఒక్క చుక్క బయట కనిపిస్తే నన్నడగండి! సమస్తం భూమాత చల్లని కడుపులోకి పంపిస్తున్నాం!"

"మనం తాగేది ఆ కడుపులోనించే కదప్పా!" అని సుదర్శనంగారు గొంతు చించుకున్నారు. మైకు రంగరాజు దగ్గర ఉండడం వల్ల అది హర్షధ్వానంగా నమోదైంది.

వానలు వచ్చేసరికి చుట్టుపక్కల మూడు వీధుల బావులూ చెడ్డాయి. ఫ్యాక్టరీవారు జాలిపడి రోజూ పొద్దున్నే నీళ్ల లారీ పంపసాగారు. సుదర్శనంగారు ఫ్యాక్టరీ మీద అర్జీ రాసి ఇల్లిల్లూ తిరిగారు.

"సంతకం పెడితే లారీ నిలిపేస్తారు అయివారూ," అన్నాడు ఎదురింటి మునెయ్య. "బావి యాడికి పోతాది? ఈడే ఉంటాది. ముందు నీళ్లు సూడాల." వీధంతా ఇదే మాట. గౌసియా బీ ఒక్కతే వేలిముద్ర వేసింది.

ఆ వారంలోనే రంగరాజుకు 'అపర భగీరథ' బిరుదుతో సన్మానం. చదువుకున్నవారు కనుక వందన సమర్పణ సుదర్శనంగారికి అప్పగించారు. లారీని వేదిక పక్కనే నిలిపారు. ఉపన్యాసాలు అయ్యేదాకా కొళాయి తిప్పరాదని ఆజ్ఞ. బిందెల వరసలో కల్యాణవల్లి నిలబడి ఉంది. ఆమె వెనక బిడ్డను ఎత్తుకున్న గౌసియా బీ కోడలు.

అర్జీ జేబులో ఉంది. మైకు ఈసారి ఆయన చేతిలోనే ఉంది. సుదర్శనంగారు వరస వంక చూశారు. ఆ తర్వాత వందన సమర్పణ చదివారు, తప్పులేని వ్యాకరణంతో, మూడు నిమిషాలు. జనం చప్పట్లు కొట్టారు. కొళాయి తిరిగింది.

వేదిక దిగుతుంటే గౌసియా బీ ఎదురొచ్చింది. "బాగా సదివినారు అయివారూ. ఆ కాగితం ఒకసారి ఇయ్యండి."

ఆయన అర్జీ తీసిచ్చారు. ఆమెకు అక్షరాలు రావు గానీ, ఖాళీ తెలుస్తుంది.

"నా ఏలు ఒక్కటే ఉండాది. మీ సంతకం యాడ అయివారూ?"

సుదర్శనంగారు ప్రభుత్వోద్యోగి. చదువుకున్నవారికి సంతకం విలువ తెలుసు. అందుకే మనం ఎక్కడపడితే అక్కడ పెట్టం.