ఖాళీగా కూర్చున్న మూడు కోర్ల తరఫున

ఆటల కంప్యూటర్ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు పెట్టారట. ఒకటి పనిచేస్తుందట, మూడు ఖాళీగా కూర్చుంటాయట. ఏదో ఘోరం జరిగిపోయినట్టు చదువుకున్నవాళ్లు గోల పెడుతున్నారు. నేనంటాను, ఇంత గొప్ప ఏర్పాటు మనిషి ఇంతవరకు చేయనేలేదు!

కోరంటే ఏమిటని మీరు అడగకముందే చెబుతాను. ప్రాసెసర్ కంప్యూటర్‌కు బుర్ర. కోరు ఆ బుర్రలో పనిచేసే మనిషి. ఇదివరకు ఒక బుర్రకు ఒక్కడే మనిషి. కంపెనీలవాళ్లు ఏటికేడు వాణ్ని ఇంకా జోరుగా ఉరికించేవాళ్లు. ఒక గిగాహెర్ట్జ్ అన్నారు, రెండన్నారు, మూడు దాటించారు. నాలుగు దగ్గరికి వచ్చేసరికి వాడు ఒళ్లు కాగి చతికిలబడ్డాడు. ఎద్దయినా అంతే కదా! ములుగర్రతో ఎంత పొడిచినా దాని అడుగు దానిదే.

అప్పుడు కంపెనీలకు జ్ఞానం వచ్చింది. వేగం పెంచడం మానేసి మనుషుల్ని పెంచాయి. మొదట రెండు. ఇప్పుడు, 2008లో, నాలుగు.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది నిరంజన్. నా భార్య నాగేంద్రమ్మకు తమ్ముడు. వనపర్తిలో కంప్యూటర్ ఆటల దుకాణం నడుపుతాడు. హైదరాబాద్ పోయి నాలుగు కోర్ల కంప్యూటర్ తెచ్చాడు. దుకాణానికి సున్నం వేస్తున్నారని, దాన్ని అమరచింత పక్కన మా ఊళ్లో, మా ఇంట్లో దింపాడు. దింపినవాడు ఊరుకుంటాడా? కార్ల పందెం పెట్టాడు. నేను, మా అన్న వెంకట్రాములు, మా తమ్ముడు నాగన్న చుట్టూ చేరాం.

ఆట నడుస్తుండగానే తెర మీద ఒక మూలకు నాలుగు గళ్లు చూపించాడు. గడికో కోరు. మొదటి గడిలో గీత ఎగిరెగిరి పడుతోంది. మిగతా మూడింట్లో అలికిన కల్లంలా చదునుగా ఉంది.

"గవి ఏం జేస్తున్నయిరా?" అన్నాడు మా అన్న.

"ఏం జేస్తలెవ్వు పెద్దబావా. తయారుగున్నయి."

మా అన్న ఆ మూడు గళ్ల వంక చాలాసేపు ప్రేమగా చూశాడు.

తయారుగా ఉండడం పని కాదా? మీరే చెప్పండి! పెళ్లి పందిరికి గుంజ పాతేవాడు ఒక్కడు. "జర కుడికి, జర కుడికి" అనేవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురూ లేకపోతే గుంజ ఎడమకు పోదా? బస్సు బురదలో దిగబడితే నెట్టేవాళ్లు నలుగురు. కిటికీలోంచి తలపెట్టి "ఇంక గట్టిగ నెట్టున్రి" అనేవాళ్లు నలభైమంది. బస్సు కదిలిందా లేదా? బర్రె ఈనుతుంటే చెయ్యి పెట్టి దూడను లాగేది ఒక్కరు. ఊరంతా దొడ్లోనే ఉంటుంది. చివరికి మీసం తిప్పేది ఊరే!

ఇక ముందుకాలం సంగతి. కోర్లు ఎనిమిదవుతాయి, పదహారవుతాయి. మనవల కాలానికి ఒక ప్రాసెసర్‌లో అమరచింత సంతంత జనం ఉంటారు. ఒక్కడు కారు నడుపుతాడు, సంత చూస్తుంది. కంపెనీ పెద్దలకు నా సలహా ఒకటే. చిప్పులో కొంత జాగా వదిలి అరుగు కట్టించండి. పాపం, ఆ కోర్లు ఎంతసేపని కటికనేల మీద కూర్చుంటాయి?

మా నాగన్నకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. ఆ పనిని నలుగురికీ పంచొచ్చు కదా అన్నాడు.

"పంచరాదు చిన్నబావా," అన్నాడు నిరంజన్. "కారు గోడకు గుద్దినంక గద అద్దం పలిగేది. గుద్దకముందే ఇంకో కోరు అద్దం పలగ్గొడ్తె ఆటెట్లైతది?"

నిజమే. దున్నకముందే విత్తగలమా? మా ముగ్గురి మనసూ కుదుటపడింది. పని పంచడానికి రానప్పుడు కూర్చున్నవాళ్ల తప్పేముంది!

సరిగ్గా అప్పుడు నాగేంద్రమ్మ చేన్లోంచి వచ్చింది. మాకు రెండెకరాల పల్లి చేను ఉంది. ముందునాటి వానకు నేల పదునైంది. ఆ పదును మీద పీకితే మొక్కతో పాటు కాయలూ వస్తాయి. ఆరిందంటే మొక్క చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. పదును ఉండేది రెండు రోజులు. కూలీలంతా పత్తి చేన్లకు మళ్లారు. పొద్దున్నుంచి ఆమె ఒక్కతే పీకుతోంది. మోచేతుల దాకా ఎర్రమట్టి.

చెంబెత్తి నీళ్లు తాగుతూ తెర వంక చూసింది. మా అన్న ముందు ఆమె నాతో మాట్లాడదు. ఏమన్నా తమ్ముణ్ని అడ్డం పెట్టుకునే అంటుంది.

"ఏందిరా తమ్మీ గది?"

నిరంజన్ మొదటినుంచీ చెప్పాడు. ఒకటి పనిచేస్తుంది, మూడు తయారుగుంటాయి. పనిచేసేది కాగిపోతుంది కాబట్టి దానికి ఫ్యాను పెడతారు.

"నయమే. దానికైన ఫ్యాను పెట్టిన్రు," అంది నాగేంద్రమ్మ.

మేం ముగ్గురం తెర వంక ఇంకా శ్రద్ధగా చూశాం.

"మరి గీ రోడ్డు, చెట్లు, గిదంత ఎవలేస్తున్రు? గా ఒక్కటేనా?"

"గది వేరే అక్కా. గ్రాఫిక్స్ కార్డని ఉంటది. దాన్ల చిన్న చిన్నయి మస్తుగుంటయి. తెరను సాళ్లు సాళ్లుగ పంచుకుంటయి. ఎవలి సాలుకు వాళ్లు ఒక్కపారే రంగేస్తరు. ఒకలకోసం ఒకలు ఆగరు."

"అంటే మునుం పడ్తరన్నట్టు."

నిరంజన్ నోరు తెరిచాడు. కూలీలు చేన్లో వరసగా నిలబడి ఎవరి సాళ్లు వారు పట్టుకుంటారు. దాన్నే మునుం అంటాం. ముందు దాటినామె ఊరికే నిలబడదు, వెనకబడ్డామె మునుంలో చెయ్యేస్తుంది.

"సరిగ్గ గంతేనే అక్కా! నీకెట్ల తెలుసు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "పల్లి పీకుడు కారు నడిపినట్టా, మునుం పట్టినట్టా? నీ బావలను అడుగు తమ్మీ. వాళ్లకు తెల్వకుంటె గా ఆటల డబ్బాను అడుగు." చెంబు బోర్లించి చేన్లోకి పోయింది.

ఆ ప్రశ్నను మేం తేలిగ్గా తీసుకోలేదు. ఇంకో రెండు పందేలు ఆడుతూ ఆలోచించాం. ఆ పూట అలా గడిచింది.

మర్నాడు పొద్దున్నే నలుగురం మగాళ్లం ఆమె వెంట మునుం పట్టాం. ఆమె తనది ముగించి నా మునుంలోకి వచ్చింది. అది ముగించి నాగన్న మునుంలోకి పోయింది. మా అన్న మునుం సంగతి ఇక్కడ రాయను, ఆయన పెద్దవాడు. పొద్దు గుంకేసరికి చేనంతా అయింది, ఎనిమిది సాళ్లు తప్ప.

మూడోనాటికి ఆ ఎనిమిది సాళ్లు గట్టిపడ్డాయి. మొక్క పీకితే ఆకు చేతికొచ్చింది. మొదటినాటి పూట మేం తెర ముందు గడపకుంటే అవి కూడా ఇంటికి చేరేవని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాగేంద్రమ్మ పార తెచ్చింది. మా ముగ్గురినీ ఒకసారి చూసి, నా చేతికిచ్చింది.

నిరంజన్ కంప్యూటర్‌తో సహా వనపర్తి బస్సెక్కాడు. మా అన్న గట్టు మీద కూర్చున్నాడు, మా తమ్ముడు ఆయన పక్కన. ఎండ మరీ ఎక్కువగా ఉందట! నేను తవ్వుతున్నాను. నేల రాయిలా ఉంది, వీపు కాలుతోంది. నీళ్లకని ఆగి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కంపెనీ పెద్దలారా! పైన రాసిందంతా కొట్టేయండి. కూర్చున్నవాళ్లతో పని చేయించే ఉపాయం ఏదైనా మీ దగ్గరుంటే జర జల్దీ పంపండి. నేనింకా రెండో సాలులోనే ఉన్నాను!