అట్టపెట్టెకు అర్హత

మంగళవారం ఉదయం 10:40కి బడి హాలులో నాటకం ముగిసింది. 10:41కి అందులో ముఖ్యపాత్ర వేసిన పిల్ల అసలు రాలేదని, హాజరూ మార్కులూ వేసే యాప్ తేల్చింది.

రోబోల గురించీ, కృత్రిమ మేధ పాటించాల్సిన నీతి గురించీ కళల ద్వారా పిల్లలకు బోధించే ఈ పథకంలో లోపాలు లేవని ముందే చెప్పుకోవాలి. (లోపాలు రాసే గడి ఫారంలో లేదు.) పథకం మూలసూత్రం ఒక్కటే: పిల్లల విషయంలో యంత్రం ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదు. ఈ సూత్రం పిల్లలకు ఎంతవరకు ఒంటబట్టిందో యంత్రం ఒంటరిగా నిర్ణయిస్తుంది.

నాటకాల టీచర్ మూడు వారాలు తంటాలు పడి నాలుగో తరగతి చేత నాటకం వేయించింది. రోబో వేషం మైకుది. గొంతు విని తోటి పిల్లలు పెట్టిన పేరది. మిక్సీ వచ్చిన అట్టపెట్టెకు కళ్లూ నోరూ గీసి, తలకు తగిలించుకుని, హాలు దద్దరిల్లేలా ఆ పిల్ల చెప్పిన చివరి మాట: "ఇది నేనొక్కదాన్నే తేల్చకూడదు. మనిషిని అడగండి!"

టీచర్ మనిషినే అడిగింది. మూల్యాంకన అధికారి ముందు వరసలోనే ఉన్నాడు.

"సార్, మీ కళ్ల ముందే కదా చేసింది!"

"చేసిందమ్మా. నాకు కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. కానీ యాప్ మొహం దొరకలేదంటోంది."

"మొహం పెట్టెలో ఉంది సార్."

"పెట్టె మొహం దొరికింది." ఆయన ఫోన్ తిప్పి చూపించాడు. పెట్టె: హాజరు. కొత్త విద్యార్థి. హావభావాలు 94. పై పోటీకి ఎంపిక.

"మీరు కాదనొచ్చుగా?"

"'కాదు' బటన్ ఉందమ్మా. నొక్కడానికి యాప్ ఒప్పుకోవాలి."

(అడిగాడు. ఒప్పుకోలేదు.)

పై పోటీకి వెళ్తున్నానని మైకు అప్పటికే అమ్మమ్మకూ, వ్యాన్ డ్రైవర్‌కూ, ఎదురింటి దర్జీకీ చెప్పేసింది. పెట్టెను పొట్టకు హత్తుకుని అధికారి ముందుకొచ్చింది.

"సార్, పెట్టె వెళ్తోందిగా. దాని లోపల తల ఉండకూడదని రూలేమైనా ఉందా?"

అధికారి నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. లేదు.

శుక్రవారం 8:10కి బస్సు కదిలింది. పెట్టెకు కిటికీ పక్క సీటు ఇచ్చారు. అధికారి ఫోనెత్తి హాజరు తీశాడు. జాబితాలో పన్నెండు మంది, బస్సులో పన్నెండు మంది.

8:12కి మైకు అమ్మ ఫోనుకు సందేశం వచ్చింది: మీ అమ్మాయి ఈరోజు కూడా బడికి రాలేదు.