ఎండుటాకు మీద దండయాత్ర

ఆకు చెట్టు మీద ఉన్నంతసేపే ఆకు. నేల మీద పడ్డ మరుక్షణం అది చెత్త, అనాగరికం, దేశప్రగతికి అడ్డు. దేశం ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవాలంటే పంచవర్ష ప్రణాళికలు తిరగెయ్యనక్కర్లేదు. మీ పెరట్లోకి వెళ్లి ఎన్ని ఎండుటాకులు పడి ఉన్నాయో చూసుకుంటే చాలు!

నవ్వకండి. బిట్రగుంటకు అవతల ఒక చిన్న రైల్వే కాలనీ ఉంది. పేరెందుకు లెండి. ముప్పై క్వార్టర్లు, వాటి మధ్య వేపచెట్లు, బాదంచెట్లు, చుట్టూ సరుగుడు తోపులు. అంటే ఎటు చూసినా శత్రువులే. 1961 వేసవిలో ఆ కాలనీవారు శుభ్రతా సంఘం ఒకటి పెట్టుకున్నారు. హెడ్ క్లర్కు పద్మనాభయ్యగారు దానికి కార్యదర్శి. మే నెలాఖరున మద్రాసు నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి, అందమైన పెరళ్లకు బహుమతులు ఇస్తారని తెలిసింది. ఇక కార్యదర్శిగారికి నిద్ర పడితే ఒట్టు.

ఆకును నేల తాకకముందే పట్టుకోవాలన్నది ఆయన ఆశయం. వేపచెట్టు కింద గంపతో మనిషిని నిలబెట్టారు. కోళ్లు నేల గీరితే సహించేది లేదని వాటి యజమానులకు తాఖీదులు పంపారు. కాకుల సంగతి కూడా మీటింగులో చర్చకు వచ్చింది కాని, వాటికి తాఖీదు ఎవరు అందించాలన్న దగ్గర ఆగిపోయింది.

ఆయన సొంత పెరట్లో అయితే ఒక్క మొక్క కూడా లేదు. మొక్క ఉంటే ఆకు ఉంటుంది, ఆకు ఉంటే రాలుతుంది. అందుకని మొదలంటా తీయించేశారు. సున్నం కొట్టిన ఇటుకలు ఏటవాలుగా పాతించి, మధ్యలో ఎర్ర గులక పోయించి, దానికి తోట అని పేరు పెట్టారు. దూరదృష్టి అంటే ఇది కాక మరేమిటి?

ఇంత మహత్కార్యానికి అడ్డం తగిలిన మనిషి పదిహేడో నంబరు క్వార్టర్లో ఉండే మగ్దలీనమ్మ, గార్డు క్రీస్తురాజు భార్య. ఆమె పుట్టిల్లు విడవలూరు. తల్లి పోయిన ఏడు ఆ ఇంటి అటక మీద దొరికిన పిడికెడు ముళ్లవంకాయ విత్తనాలు కొంగున ముడివేసుకుని వచ్చింది. ఏటా నారు పోసేది, ఏటా విత్తనం తీసేది. ఈసారి ఎలుకలు తినగా మిగిలిన గింజలన్నీ పోసేస్తే పంతొమ్మిది మొక్కలు నిలిచాయి. పుట్టింటివాళ్లు ఆ వంగ వెయ్యడం ఎప్పుడో మానుకున్నారు. ఈ ఎండలు దాటించి రెండు కాయలు పండబెట్టుకోగలిగితే అమ్మ దాచిన వంగ ఉంటుంది. లేకపోతే ఇక లేదు.

నేల చూస్తే ఇసక. కుళాయి చూస్తే పొద్దున అరగంట. అందుకని ఆమె కాలనీవాళ్లు ఊడ్చి పారబోసిన ఆకంతా గంపలకెత్తి తెచ్చి, వేరుశనగ తొక్కలు కలిపి, మొక్కల మొదళ్లలో జానెడు మందాన పరిచింది. చెంబెడు నీళ్లు పోస్తే రెండు రోజులదాకా తడి ఆరేది కాదు. ఊరంతా వద్దనుకున్న వస్తువుతో పని జరిపించుకోవడం ఎంత తలబిరుసో మీరే చెప్పండి!

పద్మనాభయ్యగారు ఒక సాయంత్రం వచ్చి చేతికర్రతో ఆ ఆకును కదిపి చూశారు. కింద నల్లటి మట్టి, అందులో వానపాములు కనిపించాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏందమ్మా ఇది? ఇంట్లోనే పెంటదిబ్బ పెట్టుకోనుండావే. పురుగులు గూడా ఉండాయి."

"ఆ పురుగులే అయ్యా నాకు సేద్యగాళ్లు. ఇసక నేల గదా, ఆకు తీస్తే పెనం మాదిరి కాల్తాది."

"ఆఫీసరుగారు చూసేది నేలనమ్మా. నేల కనపడాల."

"నేల కనపడితే మొక్క కనపడదయ్యా."

ఆయన నోటుబుక్కు తీసి, 'పదిహేడో నంబరు, క్రిములు, మందలించడమైనది' అని రాసుకుని వెళ్లిపోయారు.

ఆదివారం మొగుడూ పెళ్లాం చర్చికి వెళ్లిన సమయం చూసి సంఘం ఉపకారానికి పూనుకుంది. నలుగురు మనుషులు వచ్చి ఆకంతా గీకి, కుప్పవేసి తగలబెట్టారు. నేల మరీ బోసిగా ఉందని పద్మనాభయ్యగారు స్వయంగా వంగి, మొక్క మొక్కకీ చుట్టూ తెల్లగా బ్లీచింగ్ పౌడరు చల్లారు. చూడటానికి ముగ్గు వేసినట్టే ఉంది.

మగ్దలీనమ్మ వచ్చి చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. పోట్లాటకు బయల్దేరిన భర్తను ఆపి, వేళ్లు మంటలెత్తేదాకా ఆ పొడిని ఎత్తి పారబోసింది. అయినా మంగళవారానికి పద్దెనిమిది మొక్కలు తలలు వాల్చేశాయి. బట్టలుతికే బండ పక్కన, ఆయన కంటపడక పొడి అందని మూల ఒక్కటి మిగిలింది. చచ్చిన మొక్కలు అసహ్యంగా ఉన్నాయని సంఘంవారు వాటిని కూడా పీకించేశారు.

బుధవారం ఆఫీసరు వచ్చారు. పదిహేడో నంబరు పెరడు అద్దంలా ఉంది. చాలా సంతోషించి మొదటి బహుమతి పద్మనాభయ్యగారి గులకతోటకు, రెండోది మగ్దలీనమ్మకు ప్రకటించారు. బహుమతి అంటే దళసరి కాగితం మీద అచ్చువేసిన ఎనిమిది పేజీల సర్కారు పుస్తకం, 'పెరటి తోటల పెంపకం'. నలుగురికీ ఉపయోగపడుతుందని మొదటి పేజీ కార్యదర్శిగారినే చదవమన్నారు. ఆయన కంఠం సవరించుకుని చదివారు.

"వేసవిలో నేలను బోసిగా ఉంచరాదు. మొక్కల మొదళ్లలో ఎండుటాకులు జానెడు మందాన కప్పవలెను. వానపాములు రైతు మిత్రములు."

అందరూ చప్పట్లు కొట్టారు. పద్మనాభయ్యగారు ఏమాత్రం తడబడలేదు. రేపటి నుంచి ప్రతి పెరట్లో జానెడు ఎండుటాకు ఉండి తీరాలని, లేనివారికి తాఖీదు తప్పదని అక్కడికక్కడే తీర్మానం చేయించారు. అచ్చులో ఉన్న మాటకూ, ఒక గార్డు భార్య చెప్పిన మాటకూ ఆ మాత్రం తేడా ఉండవద్దూ?

మగ్దలీనమ్మ లేచి నిలబడింది.

"యాడి నుంచి తెచ్చేదయ్యా ఆకు? ఆదివారం మీరే గదా తగలబెట్టించినారు."

ఆ విషయం తర్వాతి మీటింగులో పరిశీలిస్తామన్నారు.

ఆమె ఇంటికి వచ్చి బండ పక్కన మిగిలిన మొక్క దగ్గర కూర్చుంది. దానికి ఒకే ఒక కాయ ఉంది. నేల కాలిపోతోంది. చెంబెడు నీళ్లు పోసి, బహుమతి పుస్తకం పేజీలు ఒక్కొక్కటే చించి, తడిపి, మొక్క మొదట్లో ఒక వైపంతా పరిచింది. రెండో వైపుకు కాగితం చాలలేదు.

మర్నాడు పద్మనాభయ్యగారు తనిఖీకి వచ్చారు. పెరట్లో చిత్తుకాగితాలు పోసినందుకు తాఖీదు రాసి ఆమె చేతికిచ్చి వెళ్లారు.

అదీ దళసరి కాగితమే. రెండో వైపుకు సరిపోయింది.